రంగు చూసి కొంటే తరుగు ఎవరి ఖాతాలో?

ఆర్మూర్ పసుపు వర్తకులకు తరుగు లెక్క కొత్త కాదు. తేమ ఆరినకొద్దీ బస్తా తూకం తగ్గుతుంది. ఆ తగ్గుదలను ధరలో చూసుకునే బేరం ఆడతారు. అద్దాల తొట్లలో పెంచే సముద్రపు రంగుచేపల వర్తకంలో తరుగంటే సరకు చచ్చిపోవడమే. ఆ లెక్క మన వర్తకులూ తెలుసుకోదగ్గది.

ఈ చేపలు పగడపు దిబ్బలలో బతుకుతాయి. ఫిలిప్పీన్స్‌లో 1960 దశకం నుంచి కొందరు సోడియం సయనైడ్ కలిపిన నీటిని పగడాల సందులలోకి చిమ్మి, మత్తెక్కిన చేపలను ఏరుకోసాగారు. విషంతో చేపలు పట్టడాన్ని 1975లో అక్కడి ప్రభుత్వం నిషేధించినా ఆ పని పూర్తిగా ఆగలేదు. అలా పట్టిన చేప కొనేనాడు రంగు తగ్గకుండా ఈదుతూనే ఉంటుంది. కాని కాలేయం దెబ్బతిని కొద్ది రోజులకో, వారాలకో చస్తుంది. మళ్లీ సరకు ఇవ్వవలసిన పగడమూ చస్తుంది.

ఉదాహరణకు ఒక ఊహా లెక్క చూడండి. విషంతో పట్టిన చేపలు 100, ఒక్కొక్కటి రూ.40, రవాణా రూ.2,000, మొత్తం రూ.6,000. వాటిలో 40 బతికితే ఒక్కోటి రూ.150 పడుతుంది. వలతో పట్టినవి 100, ఒక్కొక్కటి రూ.70, అదే రవాణాతో మొత్తం రూ.9,000. వాటిలో 90 బతికితే ఒక్కోటి రూ.100 మాత్రమే. చవక సరకే ప్రియమైంది.

మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తెల్ల చారల క్లౌన్ చేపలను తొట్లలోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతిని రూపొందించింది. గుడ్లు సుమారు వారంలో పొదుగుతాయి. పుట్టినప్పటి నుంచి తొట్టికి, మేతకు అలవాటుపడిన సరకు కనుక ఇది తట్టుకుంటుంది. దిబ్బ మీదా భారం పడదు.

పసుపులోనూ ఇటువంటి మోసం ఉన్నది. బంగ్లాదేశ్‌లో పసుపుకు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలుపుతున్నట్లు 2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. అందులోని సీసం విషం. కొమ్ము కంటికి ఇంపుగా ఉన్నా పరీక్షలో సీసం తేలితే లాటు మొత్తం వెనక్కు రావచ్చు. రానూపోనూ కిరాయి, పోయిన పేరు వర్తకుని ఖాతాలోనే పడతాయి.

కనుక కొనేముందు సరకు ఎక్కడిది, ఎలా ఉడికించి ఆరబెట్టారు, పాలిష్‌లో ఏమి కలిపారు అని అడగాలి. అనుమానం ఉంటే నమూనాను పరీక్షకు పంపాలి. తరుగు లెక్క సరకు ఎత్తిన చోట కాక, దించిన చోట వేసుకోవడం మేలు.