మీ చెవికి పరీక్ష చేయించారా?

నల్లబల్ల మీద రాసింది సరిగా కనపడకపోతే ఆ సంగతి మీకు వెంటనే తెలిసిపోతుంది. అక్షరాలు మసకగా ఉంటాయి. కళ్ళు చికిలించి చూస్తారు. పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకుంటారు. ఇంటికి వెళ్ళి నాన్నగారితో చెబుతారు. నాలుగు రోజుల్లో కళ్ళజోడు వస్తుంది.

వినికిడి సంగతి అలా కాదు. చెవిన పడని మాట తనకు వినపడలేదని ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది? మాష్టారు చెప్పిన నాలుగు మాటల్లో మూడే వినపడితే ఆ విద్యార్థి మూడే చెప్పారనుకుంటాడు. ప్రశ్న వేస్తే మరేదో జవాబు చెబుతాడు. తరగతి అంతా నవ్వుతుంది. "పరధ్యానం ఎక్కువ" అని మాష్టారు, "చెప్పిన మాట వినడు" అని అమ్మ అంటారు. లోపం బుద్ధిలో లేదు, చెవిలో ఉంది. కాని ఆ మాట చెప్పేవారెవరు?

దానికి ఒక పరీక్ష ఉంది. ఆ పరీక్షలో నొప్పి లేదు, సూది లేదు. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో దానికి డబ్బు కూడా అక్కరలేదు. ఆ పరీక్ష ఏమిటో, దాని కోసం ఎక్కడికి వెళ్ళాలో తెలుసుకుందాం.

శబ్దం నడిచే దారి

ముందు చెవి నిర్మాణం ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. గాలిలో వచ్చిన శబ్ద తరంగాలు చెవి రంధ్రం గుండా పోయి కర్ణభేరిని తాకుతాయి. కర్ణభేరి పలుచని పొర. అది కంపిస్తుంది. దాని వెనుక మధ్యచెవిలో సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు గొలుసులా ఉంటాయి. వీటిలో అంకవన్నె మన శరీరంలోకెల్లా చిన్న ఎముక. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లే! ఈ మూడు ఎముకలూ, కర్ణభేరీ కలిసి శబ్ద పీడనాన్ని ఇరవై రెట్లకు పైగా పెంచి లోపలి చెవికి అందిస్తాయి.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. దాన్ని కర్ణావర్తం అంటారు. అందులో ద్రవం, ఆ ద్రవంలో కదిలే సన్నని కేశాలున్న కణాలు ఉంటాయి. ఒక్కొక్క చెవిలో ఇలాంటి కణాలు సుమారు 15,000. ఇవే కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి నాడి ద్వారా మెదడుకు పంపుతాయి. ఈ కణాలు ఒకసారి చనిపోతే మనుషుల్లో మళ్ళీ పుట్టవు. ఈ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి.

రెండు రకాల లోపాలు

ఈ దారిలో ఆటంకం ఎక్కడ వచ్చిందన్న దాన్నిబట్టి వినికిడి లోపాన్ని రెండు రకాలుగా చూడవచ్చు.

బయటి చెవిలోగాని, మధ్యచెవిలోగాని ఆటంకం ఉంటే అది ప్రసార లోపం. గుబిలి గట్టిపడి రంధ్రం మూసుకుపోవడం, కర్ణభేరికి చిల్లు పడడం, మధ్యచెవిలో చీము చేరడం ఇలాంటివి. పిల్లల్లో ఇదే ఎక్కువ. ఎందుకంటే గొంతునూ మధ్యచెవినీ కలిపే గొట్టం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు సూక్ష్మజీవులు ఆ గొట్టం గుండా సులభంగా పైకి చేరతాయి. సంతోషించవలసిన విషయమేమంటే, ఈ లోపాలు చాలా వరకు మందులతోనో, చిన్న శస్త్రచికిత్సతోనో నయమవుతాయి.

లోపలి చెవిలోగాని, నాడిలోగాని లోపం ఉంటే అది నాడీ సంబంధమైన లోపం. పుట్టుకతో రావచ్చు. తట్టు, గవదబిళ్ళలు, మెదడువాపు పొరల జబ్బు వల్ల రావచ్చు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందుల వల్ల కొందరికి రావచ్చు. పెద్ద చప్పుళ్ళ వల్లా వస్తుంది. ఈ లోపానికి సాధారణంగా వినికిడి యంత్రం అవసరమవుతుంది.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో దాదాపు 60 శాతం నివారించదగిన కారణాల వల్ల వచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే పది మందిలో ఆరుగురికి ఆ లోపం రాకుండా చూడవచ్చునన్నమాట!

శృతిదండం చెప్పే రహస్యం

లోపం ఏ రకమో కనిపెట్టడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. 1855లో రిన్నే అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించాడు. దీనికి కావలసిన పరికరం మీ పాఠశాల ప్రయోగశాలలోనే ఉంది. అదే శృతిదండం.

మీ సైన్సు మాష్టారి సమక్షంలో ఇలా చేసి చూడండి. శృతిదండాన్ని రబ్బరు ముక్క మీద తట్టి, దాని కాడను స్నేహితుడి చెవి వెనుక ఉన్న గట్టి ఎముకకు ఆనించండి. శబ్దం ఆగిపోయినట్లు అనిపించగానే చెయ్యి ఎత్తమనండి. వెంటనే దండం భుజాలను అతని చెవి రంధ్రం ముందుకు, తగలకుండా, తీసుకురండి. ఆరోగ్యంగా ఉన్న చెవికి ఆ శబ్దం మళ్ళీ వినపడుతుంది. ఎందువల్ల? గాలి దారిలో వచ్చే శబ్దాన్ని మధ్యచెవి పెంచి పంపుతుంది కనుక. ఆ దారిలో ఆటంకం ఉంటే మాత్రం ఎముక దారిలో వచ్చే శబ్దమే ఎక్కువగా వినపడుతుంది. ఇన్ని యంత్రాలు వచ్చినా చెవి డాక్టర్లు నేటికీ 512 హెర్ట్జ్ శృతిదండాన్ని బల్ల మీద ఉంచుకుంటారు.

చప్పుడు వేసే ప్రశ్నపత్రం

శృతిదండం లోపం ఏ రకమో సూచిస్తుంది. లోపం ఎంతో చెప్పాలంటే కొలత కావాలి. ఆ కొలిచే యంత్రం పేరు ఆడియోమీటర్.

మిమ్మల్ని బయటి చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తారు. ఒక్కొక్క చెవిలో విడివిడిగా సన్నని "కుయ్" శబ్దాలు వినిపిస్తారు. ఎంత సన్నగా వినపడినా సరే, వినపడగానే మీట నొక్కాలి. అంతే మీరు చేయవలసిన పని! 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు వేర్వేరు శబ్దాలతో, మీకు వినపడే అతి చిన్న శబ్దం ఏదో కనిపెడతారు. తరువాత చెవి వెనుక ఎముకకు ఒక చిన్న కంపన పరికరం పెట్టి మళ్ళీ పరీక్షిస్తారు. అరగంటలో పరీక్ష ముగుస్తుంది.

శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీదుగా ఈ ప్రమాణానికి ఆ పేరు వచ్చింది. ఆయన తల్లికీ, భార్యకూ కూడా వినికిడి లోపం ఉండేది. డెసిబెల్స్ లెక్క కాస్త వింతగా ఉంటుంది. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లవుతుంది. 20 పెరిగితే 100 రెట్లు, 30 పెరిగితే 1,000 రెట్లు! గుసగుస సుమారు 30 డెసిబెల్స్, మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది.

పరీక్ష ఫలితాన్ని ఒక గ్రాఫుగా గీసి ఇస్తారు. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలి ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. 20 డెసిబెల్స్ లోపు శబ్దం కూడా వినపడితే మీ వినికిడి చక్కగా ఉన్నట్లు. 20 నుంచి 35 వరకు అయితే స్వల్ప లోపం. 35 నుంచి 50 వరకు అయితే ఒక మోస్తరు లోపం.

స్వల్ప లోపమే కదా అని తేలికగా తీసుకోకండి. చాలామందిలో ముందుగా దెబ్బతినేది ఎక్కువ పౌనఃపున్యం గల శబ్దాల వినికిడి. అచ్చులు బాగానే వినపడతాయి, కొన్ని హల్లులు జారిపోతాయి. "కాలు", "పాలు", "చాలు" మూడూ "ఆలు" అన్నట్లే వినపడితే పాఠం ఎలా అర్థమవుతుంది చెప్పండి!

మరి చంటిపిల్లలు మీట నొక్కలేరు కదా? వారికి వేరే పరీక్ష ఉంది. ఆరోగ్యంగా ఉన్న చెవి శబ్దాన్ని వినడమే కాక, తానూ అతి సన్నని శబ్దాన్ని బయటికి పంపుతుందని 1978లో డేవిడ్ కెంప్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. పాప నిద్రపోతూ ఉండగానే ఆ శబ్దాన్ని చిన్న మైకుతో పట్టి చెవి పనితీరు అంచనా వేస్తారు.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి మెట్టు మీ ఊరికి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడి డాక్టరు దీపం ఉన్న చిన్న పరికరంతో చెవి లోపలికి చూస్తారు. గుబిలి, చీము, చిల్లు వంటివి ఉంటే అక్కడే తెలిసిపోతాయి. అవసరమైతే పెద్ద ఆస్పత్రికి చీటీ రాసి ఇస్తారు.

రెండవ మెట్టు జిల్లా ఆస్పత్రి లేదా ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి. అక్కడ చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంటుంది. దాన్నే ఇ.ఎన్.టి. విభాగం అంటారు. హైదరాబాదులో కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ ఈ జబ్బులకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

బడిపిల్లలకు ఇంకొక దారి కూడా ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు వచ్చి 18 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షిస్తుంది. ఆ బృందం చూసే లోపాల్లో వినికిడి లోపం, చెవిలో చీము రెండూ ఉన్నాయి. వారు పై ఆస్పత్రికి పంపితే చికిత్స ఉచితం. ఆ బృందం మీ బడికి వచ్చిన రోజున సిగ్గుపడి వెనక నిలబడకండి. "చెవి కారుతోంది", "ఒక చెవి సరిగా వినపడదు" అని మీరే చెప్పండి.

వినికిడి యంత్రం అవసరమని తేలితే దాని ఖరీదు విని తల్లిదండ్రులు బెదిరిపోనక్కరలేదు. 1981 నుంచి అమలులో ఉన్న ఎడిప్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద కుటుంబ ఆదాయాన్నిబట్టి ఉచితంగానో, సగం ధరకో యంత్రం ఇస్తారు. ఆస్పత్రిలో దీని గురించి అడగండి.

వినికిడి యంత్రాలు అమ్మే దుకాణాల్లో కూడా ఉచితంగా పరీక్ష చేస్తుంటారు. పరీక్ష చేయించుకోవచ్చు. కాని యంత్రం కొనే ముందు డాక్టరు ఒకసారి చెవి చూడాలి. గుబిలి తీస్తే పోయే లోపానికి యంత్రం ఎందుకు? ప్రైవేటు క్లినిక్కుకు వెళితే డాక్టరు ఫీజు ఎంత, పరీక్షకు వేరుగా ఎంత అని ముందే అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. ఆడియోగ్రామ్ కాగితం మాత్రం తప్పక అడిగి తీసుకుని దాచుకోండి. మరొక చోటికి వెళ్ళినప్పుడు పనికి వస్తుంది.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఈ నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి: ఏ చెవి? ఎప్పటి నుంచి? చీము, నొప్పి, హోరు ఉన్నాయా? ఇంతకు ముందు ఏ మందులు వాడారు? ఓ.పి. సాధారణంగా ఉదయం పూట ఉంటుంది. పెందలాడే వెళ్ళడం మంచిది.

చేయకూడని పనులు

అగ్గిపుల్ల, పిన్నీసు, తలపిన్ను, దూదిపుల్ల, ఏదీ చెవిలో పెట్టవద్దు. గుబిలి మురికి కాదు. దుమ్మునూ సూక్ష్మజీవులనూ అడ్డుకునే కాపలాదారు. అది తనంతట తానే మెల్లగా బయటికి వస్తుంది. పుల్లతో పొడిస్తే ఇంకా లోపలికి పోతుంది. కర్ణభేరికి గాయమూ కావచ్చు.

చెవిపోటుకు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం మన ఇళ్ళలో అలవాటు. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె నేరుగా మధ్యచెవిలోకి పోతుంది. చీము కారే చెవిలో నూనెగాని, ఆకు పసరుగాని పోయకూడదు. నీళ్ళు పోకుండా చూసుకోవాలి. చెరువులో, కాలువలో ఈత మానాలి.

ఇయర్‌ఫోన్లు వాడేవారు శబ్దాన్ని 60 శాతం దాటనివ్వకండి. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినడం ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. కర్ణావర్తంలోని ఆ 15,000 కణాలు తిరిగి రావని చెప్పుకున్నాం కదా!

చెవి వెనుక వాపు, చెవిపోటుతో పాటు జ్వరం, కళ్ళు తిరగడం, మూతి ఒక పక్కకు పోవడం, ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోవడం – వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇవాళే చేసి చూడండి

ఇంట్లో ఇద్దరు కలిసి ఇలా చేయండి. పరీక్షించవలసిన వ్యక్తిని కూర్చోబెట్టి, చెయ్యి చాపినంత దూరంలో వెనుక నిలబడండి. అతను ఒక చెవి రంధ్రాన్ని వేలితో మూసి ఆ వేలిని ఆడిస్తూ ఉండాలి. మీరు ఊపిరి పూర్తిగా వదిలి, గుసగుసగా "ఐదు, కా, రెండు" వంటి మూడు మాటలు చెప్పండి. అతను తిరిగి చెప్పాలి. తప్పితే మరో మూడు మాటలు చెప్పండి. మొత్తం ఆరింటిలో మూడైనా సరిగా చెప్పలేకపోతే ఆ చెవిని డాక్టరుకు చూపించాలి. రెండో చెవికీ ఇలాగే చేయండి. ఇది ఆడియోమీటరుకు బదులు కాదు, ఆస్పత్రికి వెళ్ళాలా వద్దా అని తేల్చే తొలి మెట్టు మాత్రమే.

తాతయ్యతో మొదలుపెట్టండి, చెల్లాయితో ముగించండి. ముఖ్యంగా మీ తరగతిలో "ఏమిటీ? మళ్ళీ చెప్పు" అని తరచు అడిగే మిత్రుణ్ణి చూసి ఇక మీదట నవ్వకండి. అతన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టమని మాష్టారిని అడగండి. తీరిక చూసుకుని ఆరోగ్య కేంద్రానికి అతనికి తోడుగా వెళ్ళండి.