ఇరవై రెండు మైళ్ల దూరం – ఒక నవలా పాఠం



మన వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక పేజీ పూర్వ విద్యార్థుల విజయాలకు కేటాయిస్తాం. డి.ఎస్.సి.లో ఎంపికైనవారు, సింగరేణిలో చేరినవారు, పోలీసు ఉద్యోగం వచ్చినవారు... ఆ పేర్లు చదువుతుంటే ఛాతీ ఉప్పొంగుతుంది. ఈసారి మాత్రం మేము ఒక నవల గురించి రాయదలచాం. పెద్ద కోరికతో పరాయి బడిలో అడుగుపెట్టిన ఒక కుర్రవాడి కథ అది. పాఠ్యపుస్తకాల్లో లేదు, పరీక్షల్లో రాదు. అయినా మన హాస్టల్లో చదవవలసిన పుస్తకమని మా నమ్మకం. చదివాక మాకు మా సంగతి కూడా కొంత ఒప్పుకోవలసి వచ్చింది. అది చివర్లో చెబుతాం.

ఇటువంటి కథ తెలుగులో కొత్త కాదు. ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు స్వాతంత్ర్యం రాకముందే ‘పాలేరు’ నాటకం రాశారు. పాలేరుగా బతుకుతున్న దళిత కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి పాలేరుతనం మాని బడికి పోయినవారు ఎందరో ఉన్నారని పెద్దలు చెబుతారు. భీమన్న గారి ఆత్మకథ పేరే ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’. అయితే ఇలాంటి కథల్లో మనకు గుర్తుండేవి మొదలు, చివర మాత్రమే. గొడ్ల చావిడి గుర్తుంటుంది, కలెక్టరు కుర్చీ గుర్తుంటుంది. మధ్యలో ఆ కుర్రవాడు ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నాడో, సెలవులకు ఊరికొస్తే పాత స్నేహితులు ఏమని పిలిచారో మనం అడగం. మేము చెప్పబోయే నవల ఆ మధ్య భాగాన్నే పట్టుకుంది.

నవల పేరు ‘ది అబ్సల్యూట్లీ ట్రూ డైరీ ఆఫ్ ఎ పార్ట్‌టైమ్ ఇండియన్’. రచయిత షెర్మన్ అలెక్సీ, అమెరికా ఆదివాసి. 2007లో అచ్చయింది, అదే ఏడు అక్కడి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. ఇండియన్ అంటే మనం కాదు, అక్కడి ఆదివాసులను అలా పిలుస్తారు. మాలో ఇద్దరు ఇంగ్లీషులో చదివి, మిగతావారికి తెలుగులో కథ చెప్పారు.

కథానాయకుడి పేరు ఆర్నాల్డ్. ఇంట్లో జూనియర్ అంటారు. పద్నాలుగేళ్లవాడు. పుట్టుకతోనే మెదడులో నీరు చేరింది, మాట నత్తి. నోట్లో అందరికంటే పది పళ్లు ఎక్కువ. వాళ్ల ప్రభుత్వ వైద్యంలో పళ్లకు పెద్ద చికిత్స ఏడాదికి ఒక్కసారే గనుక, ఆ పదింటినీ ఒకే రోజు పీకించుకున్నాడట! వాడు వెల్పినిట్ అనే ఆదివాసి గ్రామంలో ఉంటాడు. ఇంట్లో తిండికే కటకట. పెంపుడు కుక్కకు జబ్బు చేస్తే వైద్యుడికి ఇచ్చే డబ్బు లేక తండ్రి దాన్ని తుపాకితో కాల్చేస్తాడు.

తొమ్మిదో తరగతి మొదటి రోజు లెక్కల సారు జామెట్రీ పుస్తకాలు పంచుతాడు. జూనియర్ సంబరంగా అట్ట తెరిస్తే లోపల తన తల్లి పేరు రాసి ఉంటుంది. ముప్ఫై ఏళ్ల కిందట తల్లి చదివిన పుస్తకాన్నే ఆ బడి ఇంకా పిల్లలకు పంచుతోందన్నమాట. కోపం పట్టలేక పుస్తకం విసిరేస్తాడు. అది సారు ముక్కుకు తగులుతుంది. బడి నుంచి కొన్నాళ్లు బహిష్కరిస్తారు. తర్వాత ఆ సారే విరిగిన ముక్కుతో ఇంటికొచ్చి, ఇక్కడుంటే నీకున్న ఆశ కూడా చచ్చిపోతుంది, వెళ్లిపో అంటాడు. ఇక్కడ మాకు మన పుస్తకాలు గుర్తొచ్చాయి. సీనియర్ల పేర్లు నాలుగు కొట్టివేసి అయిదోది మన పేరు రాసుకునేవాళ్లం కదా! మనకు అది ముచ్చటగా ఉండేది. వాడికి అవమానమైంది. రెండూ నిజమేనని మాకనిపిస్తోంది.

జూనియర్ ఇరవై రెండు మైళ్ల దూరంలో ఉన్న రియర్డన్ అనే తెల్లవారి హైస్కూల్లో చేరతాడు. అక్కడ వాడు తప్ప మరో ఇండియన్ ఎవరంటే, ఆ బడి ఆటల జట్టుకు గుర్తుగా వేసుకున్న బొమ్మ! తండ్రి దగ్గర పెట్రోలుకు డబ్బుంటే కారు, లేకపోతే దారిన పోయే వాహనం ఆపడం, అదీ లేకపోతే నడక. డబ్బు లేదని బడిలో తెలియకుండా ఎన్ని అబద్ధాలో! అయినా ఈ ఇరవై రెండు మైళ్లు సులువైన దూరమే. కష్టమైన దూరం ఇంటి దగ్గర ఉంది. ప్రాణ స్నేహితుడు రౌడీ మాట్లాడటం మానేస్తాడు. ఊరివాళ్లు తెల్లవాడివైపోయావంటారు. బడిలో ఇండియన్, ఊళ్లో తెల్లవాడు. అందుకే పేరులో ‘పార్ట్‌టైమ్’.

ఇక నవలలో మాకు అన్నింటికన్నా నచ్చిన ఘట్టం బాస్కెట్‌బాల్ పోటీ. రియర్డన్ జట్టు తరఫున జూనియర్ తన సొంత ఊరి మీదే ఆడాలి. మొదటి పోటీలో ఊరి జనమంతా వాడికి వీపు తిప్పి నిలబడతారు. రౌడీ దెబ్బకు స్పృహ తప్పుతాడు, జట్టు ఓడిపోతుంది. రెండోసారి రియర్డన్ నలభై పాయింట్ల తేడాతో గెలుస్తుంది. రౌడీని కట్టడి చేసింది జూనియరే. అందరూ వాణ్ణి భుజాల మీదికెత్తుకుంటారు. అప్పుడు వాడి చూపు ఎదుటి జట్టు మీద పడుతుంది. వాళ్లలో కొందరు ఆ పూట ఏమీ తినకుండా వచ్చారని వాడికి తెలుసు. ఎవరి తండ్రి తాగి కొడతాడో తెలుసు. గెలిచినవాడు లోపలికి పరుగెత్తి, వాంతి చేసుకుని ఏడుస్తాడు.

ఇది పాఠం గనుక ఒక మాట గట్టిగా చెబుతున్నాం. పైకి రావాలనుకునే కుర్రవాడి కథలు వందలున్నాయి. వాడు గెలిచిన క్షణంలో ఓడినవారి బెంచీ వైపు మన తల తిప్పించేవి అరుదు.

రచయిత గురించి ఒక సంగతి దాచకూడదు. 2018లో ఆయన ప్రవర్తనపై పలువురు మహిళలు ఆరోపణలు చేశారు. ఆయన క్షమాపణ చెప్పారు. అమెరికా ఆదివాసి గ్రంథాలయ సంఘం 2008లో ఈ నవలకిచ్చిన పురస్కారాన్ని వెనక్కి తీసుకుంది. మాలో మాకు దీనిపై పెద్ద వాదనే జరిగింది. పుస్తకం చదవాలన్నవైపే ఎక్కువమందిమి నిలిచాం.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. 2014 మే 25 ఉదయం సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులిద్దరు ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. పక్కనే సాధనపల్లి ఆనంద్ కుమార్, చర్ల మండలం, అన్నపురెడ్డిపల్లి గురుకులంలో తొమ్మిదో తరగతి. నేపాల్ వైపు పదహారేళ్లలోపు వారిని అనుమతించరు గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కారు. (వాళ్లు శిఖరం ఎక్కినప్పుడు మనది ఆంధ్రప్రదేశ్, వారం తిరిగేసరికి తెలంగాణ!) పూర్ణ మీద 2017లో రాహుల్ బోస్ హిందీ సినిమా తీశారు. మన ఆనంద్ పేరు చెబితే మన హాస్టల్లోనే కొందరు ఎవరన్నా అని అడిగారు. సరే, ఆ ఇద్దరి వెనుక ఉన్నవారో? భువనగిరి గుట్ట మీద శిక్షణకు గురుకులాల నుంచి ఎందరో పిల్లలు వచ్చారు. డార్జిలింగ్‌కు కొందరే వెళ్లారు, లడఖ్ చలికి ఇంకా కొందరే. చివరికి మిగిలింది ఇద్దరు. వడపోతలో వెనక్కి వచ్చిన పిల్లలు కూడా అంతే కోరికతో గుట్ట ఎక్కి ఉంటారు. మేమూ ఇన్నాళ్లు వాళ్ల గురించి ఆలోచించలేదు.

ఇక మా సంగతి. మేము తొమ్మిదిలో ఉండగా దుమ్ముగూడెం అవతలి ఊరి నుంచి ఒక కోయ తమ్ముడు ఎనిమిదిలో చేరాడు. ఎస్సీ హాస్టలైనా ఇతరులకూ కొన్ని సీట్లుంటాయి కదా, అలా వచ్చాడు. స్టడీ అవర్ అయిపోయి అందరం పడుకున్నా, వరండా ట్యూబ్‌లైటు కింద లెక్కలు చేసుకునేవాడు. ఇంజనీరు అవుతానని సారు అడిగితే చెప్పాడు. ఇంట్లో కోయ మాట్లాడేవాడు గనుక తెలుగులో ఒత్తులు తడబడేవి. అంతే, మాకు ఆట దొరికింది. వాడు నోరు తెరిస్తే డార్మిటరీ అంతా నవ్వేది. ఒక పేరు కూడా పెట్టాం, దాన్నిక్కడ రాయలేం. ఊళ్లో మమ్మల్ని వాడకట్టు పేరుతో పిలిస్తే మేం ఎంత ఉడికిపోయేవాళ్లమో, ఆ మాటే వాడి దగ్గర గుర్తు రాలేదు.

దసరా సెలవులకు వెళ్లినవాడు తిరిగి రాలేదు. ట్రంకు పెట్టె కోసం వాళ్ల నాయన వచ్చాడు. వాడికి ఒంట్లో బాగుండటం లేదన్నాడు. పెట్టె మేమే బస్సు దాకా మోసుకెళ్లాం. ఎవ్వరం ఏమీ చెప్పలేదు. మూడేళ్ల తర్వాత మాలో ఒకడికి భద్రాచలం బస్టాండ్‌లో కనిపించాడట, మిర్చి ఏరడానికి పోయే కూలీలతో. తనే ముందు గుర్తుపట్టి, ‘అన్నా, ఏం చదువుతున్నవ్?’ అని అడిగాడట. ఇంటర్ అని చెప్పి మావాడు బస్సెక్కేశాడు.

రియర్డన్ పిల్లలు జూనియర్‌ను వెక్కిరించే పేజీలు చదివేటప్పుడు మాలో ఎవరూ జూనియర్ వైపు నిలబడి చదవలేకపోయాం.

నవల కాపీ ఒకటి లైబ్రరీ బీరువాలో ఉంచాం, పై అర, ఎడమ పక్క. బొమ్మలు ఉన్నాయి గనుక ఇంగ్లీషు భయం అక్కర్లేదు. ఆదివారం సాయంత్రాలు కూర్చుంటే మేమూ వస్తాం, తెలియని మాటలకు అర్థం చెబుతాం. మొదట్లోనే ఆపేయకండి, జామెట్రీ పుస్తకం దాకా చదవండి. చదివినవారు అట్ట లోపల మీ పేరు రాయండి, పై పేర్లు కొట్టివేయకుండా.