జానెడు కారు, రాజాం సరుకు

1959 నాటి కాడిలాక్ కారు ఈ కొస నుంచి ఆ కొసకు 225 అంగుళాలు. 24వ వంతుకు కుదిస్తే తొమ్మిది అంగుళాల మీద రవ్వంత. అంటే జానెడు. చెయ్యి చాచి బల్ల మీద పెడితే బొటనవేలి దగ్గర ముందు బంపరు, చిటికెనవేలి దగ్గర ఆ కారుకు పేరు తెచ్చిన రెండు రెక్కలు. ఆ రెక్కలు విమానాన్ని చూసి మొలిచినవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన పీ-38 లైట్నింగ్ విమానం జంట తోకలు జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి పెద్దగా ఉన్న హార్లీ ఎర్ల్ మనసులో పడ్డాయి. 1948 కాడిలాక్ మీద మొగ్గ తొడిగి, పదకొండేళ్లకు పూర్తిగా విచ్చుకున్నాయి.

ఆ రెక్కలు నా బల్ల మీద నిలబడాలన్న కోరికతోనే నేను కార్ల నమూనాలు కట్టే పనిలోకి దిగాను. మోడలింగ్ సామానంటూ విడిగా అమ్మే కొట్టు రాజాంలో నాకు కనబడలేదు. ప్లాస్టిక్ ముక్కల కిట్టు మాత్రం పార్సిల్లో తెప్పించుకోక తప్పదు. మిగతా అవసరాలన్నీ రంగుల కొట్టు, మందుల షాపు, మోటారు వైండింగ్ షాపు, కార్ల పెయింటింగ్ షెడ్డు తీరుస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారి కోసం, చేసి చూసి నిలబడిన సంగతులు రాస్తున్నాను.

1. మొదటి బండిగా జీపు కట్టండి. అందరి మనసూ మస్టాంగ్ మీదకో, పాత సినిమాల్లో బంగళా ముందు వచ్చి ఆగే ఇంపాలా మీదకో పోతుంది. కానీ మన వైపు జనానికి బాగా తెలిసిన అమెరికా బండి జీపే. పాలకొండ దాటి సీతంపేట కొండల వైపు మనుషుల్ని, మూటల్ని, మేకపిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన జీపుల మూలం అమెరికాలోని విల్లీస్ కంపెనీ. 1953లో వచ్చిన సీజే-3బీ జీపునే మహీంద్రా వాళ్లు అనుమతి తీసుకుని ఇక్కడ దశాబ్దాల పాటు తయారుచేశారు. దాని బానెట్ అంత ఎత్తుగా ఎందుకుంటుందంటే, లోపల కూర్చున్న హరికేన్ ఇంజిను ఎత్తు ఎక్కువ. ఒంపులు తక్కువ, అంతా పలకలే. కాబట్టి చేతికి త్వరగా లొంగుతుంది.

ఇంకో లాభం, అసలు బండిని ముట్టుకుని చూడొచ్చు. ఏ పాత షెడ్డులోనో ఒకటి నిలబడి ఉంటుంది. యజమానిని అడిగి టేపు తీసుకెళ్లండి. సీజే-3బీకి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 80 అంగుళాలు. మోడల్లో మూడూ పావు మీద కొంచెం. పొడుగు రకాలూ ఉన్నాయి, అందుకే కొలవకుండా కొయ్యకండి. ముందు గ్రిల్లు చీలికలు కూడా లెక్కపెట్టుకోండి.

2. లెక్క తేలిక. 24వ వంతు స్కేలులో అసలు అడుగు మన అర అంగుళం. ఆరడుగుల మనిషి మూడంగుళాలు. అమెరికా కిట్లు చాలావరకు 25వ వంతులో వస్తాయి. 1957 షెవ్రొలే బెల్ ఎయిర్ 200 అంగుళాలు కాబట్టి ఆ స్కేలులో సరిగ్గా ఎనిమిది. రెండు స్కేళ్ల చక్రాలు ఒకే బండికి వేస్తే తేడా వస్తుంది.

3. జిగురు మూత తియ్యకముందే బండంతా ఒకసారి ఉత్తినే కూర్చి చూడండి. చిన్న చిన్న టేపు ముక్కలతో నిలబెట్టండి. ఏ ముక్క ఎక్కడ తగులుతోందో, ఛాసిస్ ఎక్కిన తరవాత బాడీ కూర్చుంటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఈ పని చేసేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక సంగతి గుర్తొస్తుంది. అసలు అమెరికా కార్లు మన దేశానికి కిట్ల రూపంలోనే వచ్చాయి. విడి భాగాలు పెట్టెల్లో ఓడెక్కి వస్తే ఇక్కడ కూర్చేవారు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో ఆ పని మొదలుపెట్టింది. ఫోర్డుకూ ఇక్కడ అలాంటి ఏర్పాటే ఉండేది. ఉత్త కూర్పు చాలదు, తయారీ ఇక్కడే జరగాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో 1954 నాటికి రెండూ సర్దుకుని వెళ్లిపోయాయి. డాడ్జి, ప్లిమత్, డిసోటో కార్లను ప్రీమియర్ వాళ్లు, స్టూడిబేకర్‌ను హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కూర్చారు. మనం బల్ల మీద చేసేది ఆ కార్మికులు నిలువెత్తున చేసిన పనే.

4. ముక్కల్ని ఫ్రేము నుంచి విడదీయకముందే గిన్నెల సబ్బు నీళ్లతో, పాత టూత్‌బ్రష్షుతో కడిగి నీడలో ఆరబెట్టండి. అచ్చులోంచి ఊడి రావడానికి ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు ఉంటే రంగు పట్టదు.

5. కత్తికి మందుల షాపులో 11 నంబరు సర్జికల్ బ్లేడు అడగండి. మొన సన్నగా ఏటవాలుగా ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో వాడిన బ్లేడు చెత్తబుట్టలో వెయ్యకుండా మూత ఉన్న సీసాలో వెయ్యండి.

6. అద్దాలకు ఫెవిక్విక్ వాడకండి. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, మన వైపు చెమ్మలో మరీ ఎక్కువ. అద్దాలకు ఫెవికాల్ మంచిది. పెట్టినప్పుడు తెల్లగా ఉన్నా ఆరాక కనబడదు. ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు. ఫెవిక్విక్ గొప్పగా పనికొచ్చేది సందులు పూడ్చడానికి. సందులో చిటికెడు వంట సోడా నింపి మీద ఒక చుక్క వెయ్యండి. క్షణంలో రాయవుతుంది. ఆ వెంటనే రుద్దేసుకోండి, మర్నాటికి మరీ గట్టిపడిపోతుంది. క్రోము పూత ఉన్న ముక్కల్ని అతికించాలంటే అతుకు పడే చోట పూత గీకెయ్యాలి. లేకపోతే జిగురు పూతకు అంటుకుంటుంది గానీ ముక్కకు అంటుకోదు.

7. రంగు దగ్గరే నూటికి తొంభై మంది బండి పాడవుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. కార్ల షెడ్డుకు వెళ్లి మేస్త్రితో మాట్లాడండి. ఆయన నోట మొదట వచ్చే మాట 'డ్యూకో'. అది మనం ఇక్కడ పెట్టుకున్న పేరు కాదు. 1920ల మొదట్లో కారుకు రంగు వెయ్యడమంటే పూసి, ఆరబెట్టి, మళ్లీ పూసి, వారాల పని. హెన్రీ ఫోర్డు మోడల్-టీ కార్లు 1914 నుంచి 1925 దాకా నల్లరంగులోనే వచ్చాయి. డ్యూపాంట్ కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి త్వరగా ఆరే లక్కరు తయారుచేసి డ్యూకో అని పేరు పెట్టింది. జనరల్ మోటార్స్ వారి 1924 మోడల్ ఓక్లండ్ కార్లు డ్యూకో నీలిరంగుతో బయటికొచ్చాయి. ఆ తరవాతే కార్లకు రంగుల పండగ మొదలైంది. వందేళ్ల కిందటి ఆ పేరు మన షెడ్లలో ఇంకా బతికే ఉంది.

నేను మొదటిసారి బెల్ ఎయిర్ బాడీని అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్తే, మేస్త్రి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చూశాడు. "దీనికి నీళ్లలాగ కొట్టీకూడదు బాబూ. మొదటి కోటు దుమ్ము పడ్డట్టు పడాల. తడిసిందంటే తిన్నరు పిలాస్టిక్‌ని తినేస్తాది" అన్నాడు. ఈ ఒక్క మాట వింటే సగం కిట్లు బతుకుతాయి. ముందు ప్రైమర్ పలచగా, దూరం నుంచి, దుమ్ములా. ఆరాక ఇంకో దుమ్ము కోటు. ప్లాస్టిక్ పూర్తిగా మూసుకున్నాకే తడి కోటు. కోటుకూ కోటుకూ మధ్య 1000 నంబరు వాటర్ పేపరు తడిపి మెల్లగా రుద్దండి. చివర రబ్బింగ్ కాంపౌండు. దానికి మాత్రం నాకు పాత పొందూరు పంచె ముక్కకు మించింది దొరకలేదు. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి వడికిన నూలు కదా, అరిగే కొద్దీ వెన్నలా అవుతుంది, రంగు మీద గీత పడదు.

రంగు వెయ్యడానికి ముందే తలుపుల గీతల్ని బ్లేడు వీపుతో ఇంకొంచెం లోతు చెయ్యండి. మన రంగు పొర అసలు కారు పొరంత మందం ఉంటుంది గానీ గీత మాత్రం 24వ వంతే. పూడిపోతే తలుపు కనబడదు.

8. సంక్రాంతి నుంచి ఉగాది దాకా రంగులకు మంచి రోజులు. వానాకాలంలో లక్కరు తెల్లబారుతుంది. థిన్నరు ఎగిరిపోతూ రంగు పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో చెమ్మ అక్కడ పేరుకుంటుంది. అలా అయితే కంగారుపడి గీకెయ్యకండి. పొడి రోజు చూసి పలచగా థిన్నరు ఒక్కటే చల్లితే చాలాసార్లు తేరుకుంటుంది. అక్టోబరు మాత్రం అసలు నమ్మొద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. ఆ నెలలో ఇంజిను పని, సీట్ల పని పెట్టుకోండి.

9. రెండు రంగుల కార్లకు లేతది ముందు, ముదురుది తరవాత. యాభైల నాటి షెవ్రొలేకి పైకప్పు తెలుపు, ఒళ్లు నెమలికంఠం రంగు వేసి చూడండి, కళ్లు తిప్పుకోలేరు. మాస్కింగ్ టేపు అంచును వాడేముందు కొత్త బ్లేడుతో సన్నగా కోసి పారెయ్యండి. చుట్ట అంచుకు దుమ్ము పట్టి ఉంటుంది, గీత రంపంలా వస్తుంది.

10. క్రోము పట్టీలకు వెండి రంగు పూస్తే బూడిద పూసినట్టుంటుంది. చాక్లెట్ చుట్టిన పలచటి రేకు దాచుకోండి. గోరుతో సాపు చేసి, వెనక నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి, కాస్త జిడ్డు పట్టేదాకా ఆగి అతికించండి. ఇయర్‌బడ్‌తో అదిమితే కింద ఉన్న పట్టీ ఆకారం పైకి తేలుతుంది. అంచు వెంట కొత్త బ్లేడుతో కోసి మిగులు లాగెయ్యండి. 1957 బెల్ ఎయిర్‌కి పెట్రోలు మూత ఎక్కడుంటుందో తెలుసా? ఎడమ రెక్క చివర క్రోము పట్టీ వెనక దాగి ఉంటుంది. అక్కడ బ్లేడు మొనతో ఒక అడ్డగీత పెట్టండి. తెలిసినవాళ్లు ముందు అక్కడే చూస్తారు.

11. ఇంజినుకు తీగలు వైండింగ్ షాపులో ఉన్నాయి. స్పార్క్ ప్లగ్గు తీగ సుమారు 8 మిల్లీమీటర్ల లావు. 24తో భాగిస్తే మూడోవంతు మిల్లీమీటరు. 30 గేజి రాగి తీగ దాదాపు అంతే. కాలిపోయిన మోటారులోంచి విప్పిన తీగ మూర చాలు. వీ-8 ఇంజినుకు డిస్ట్రిబ్యూటరు నుంచి ప్లగ్గులకు ఎనిమిది, కాయిలుకు ఒకటి, మొత్తం తొమ్మిది. డిస్ట్రిబ్యూటరు మూత పైన సన్న సూదితో తొమ్మిది బెజ్జాలు పెట్టాక తీగల్ని దూర్చండి. బానెట్ మూసేస్తే ఎవరికీ కనబడదంటారు. ఎత్తినప్పుడు కనబడుతుంది, దాని కోసమే ఈ కష్టం.

12. అలమరలో కలరా ఉండలు వెయ్యకండి. పుస్తకాల పురుగుకు భయపడి నేను మోడళ్లున్న అరలో నాలుగు ఉండలు వేశాను. ఎండాకాలం దాటి తీసి చూసేసరికి ఒక ప్లిమత్ పైకప్పు చేతికి జిగటగా అంటుకుంది. నాఫ్తలీన్ ఆవిరి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. నాలుగు నెలల పని పోయింది. చెమ్మకైతే చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు సరిపోతాయి. మెత్తటి టైర్లను కూడా బాడీకి తగలకుండా వేరే కవర్లో పెట్టండి. వాటిలోని నూనె గుణం ఏళ్ల తరబడి కారి ప్లాస్టిక్ చక్రాల్ని తినేస్తుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద, ఎండ పడే కిటికీ దగ్గర మోడల్ ఉంచొద్దు.

13. కిట్టు కొనలేని పిల్లలకు కర్ర ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ సంస్థ 1930 నుంచి 1968 దాకా కుర్రాళ్లకు పోటీ పెట్టింది. మొదట నెపోలియన్ కాలపు బగ్గీ నమూనా, తరవాత సొంతంగా గీసుకుని చెక్కిన 12వ వంతు కార్లు. గెలిచినవారికి చదువుకు డబ్బు. అందులో చాలా బళ్లు కర్రతో చెక్కినవే. మనకు బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసే చేతులున్నాయి, ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి లక్క పూసే చేతులున్నాయి. మీ పిల్లాణ్ని ఒక ఆదివారం ఊళ్లో వడ్రంగి దగ్గర కూర్చోబెట్టి కర్ర పొర ఎటు పోతుందో చూపించమనండి. 12వ వంతులో అడుగు అంటే అంగుళం, లెక్క ఇంకా తేలిక.

14. బండి పూర్తయ్యాక దానికి ఊరు చూపించండి. మైకేల్ పాల్ స్మిత్ అనే అమెరికా కళాకారుడు ఎల్గిన్ పార్క్ అని ఒక ఊహల పట్నం కట్టాడు. 24వ వంతు కార్లను బల్ల మీద పేర్చి, వెనక నిజమైన చెట్లు, ఇళ్లు, ఆకాశం వచ్చేట్టు మామూలు కెమెరాతో ఫోటోలు తీశాడు. చూస్తే యాభైల నాటి వీధే అనిపిస్తుంది. ఆ పని బొబ్బిలి రోడ్డు పక్కన మనమూ చెయ్యొచ్చు. భుజం ఎత్తు స్టూలు మీద ప్లైవుడ్ ముక్క వేసి, రోడ్డు దుమ్మునే పలచటి గుడ్డలో జల్లించి పరచండి. జీపు పెట్టండి. మనిషి కంటి ఎత్తు అయిదడుగులైతే మన స్కేలులో రెండున్నర అంగుళాలు. ఫోను తలకిందులుగా పట్టుకుంటే లెన్సు ఆ ఎత్తుకు దిగుతుంది. పొద్దున్న ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తియ్యండి. జీపు కెమెరాకు అడుగు దూరంలో ఉంటే, వెనక నుంచి వచ్చే పల్లెవెలుగు బస్సు సరిగ్గా 24 అడుగుల దూరానికి చేరినప్పుడు నొక్కండి. రెండూ ఒకే రోడ్డు మీద పక్కపక్కన ఉంటాయి.