కెర్నల్ కంపైల్: ఏ ఆప్షన్లు ఉంచాలి?

ప్రశ్న: ఇంట్లో డెస్క్‌టాప్‌పై లినక్స్ వాడుతున్నాను. కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేద్దామని మెనూ తెరిస్తే వేల ఆప్షన్లు కనిపించాయి. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ మెనూను మొదటినుంచీ నింపుకుంటూ రాకండి. మీ డిస్ట్రిబ్యూషన్ వాళ్ల కాన్ఫిగ్ ఫైలు సాధారణంగా బూట్ డైరెక్టరీలోనే ఉంటుంది. దాన్ని సోర్సు ఫోల్డర్‌లోకి 'డాట్ కాన్ఫిగ్' పేరుతో కాపీ చేసి, 'మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్' నడపండి. కొత్తగా చేరిన ఆప్షన్ల గురించే అడుగుతుంది. తెలియని చోట ఎంటర్ కొట్టండి, డిఫాల్ట్ ఎంపికవుతుంది.

కంపైల్ మరీ ఆలస్యమైతే 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' ఉంది. ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లు తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. చిక్కూ అక్కడే. ఆ పూట ఇంట్లో కనిపించినవాళ్లను చూసి పెళ్లి పిలుపుల జాబితా రాసినట్టు ఉంటుంది దాని పని! వెబ్‌క్యామ్, ప్రింటర్, పెన్‌డ్రైవ్, బ్లూటూత్ అన్నీ తగిలించి, ఒకసారి వాడి, ఆ తర్వాతే నడపండి.

డెస్క్‌టాప్‌కి నిజంగా ఆలోచించాల్సినవి రెండే: ప్రీఎంప్షన్, టైమర్ ఫ్రీక్వెన్సీ. కెర్నల్ డిఫాల్ట్ 250 హెర్ట్జ్. ఆడియో రికార్డింగ్, గేములు ఉంటే 1000 పెట్టుకోవచ్చు. ప్రీఎంప్షన్ కోసమైతే కంపైల్ కూడా అక్కర్లేకపోవచ్చు. 5.12 వెర్షన్ నుంచి, డైనమిక్ ప్రీఎంప్షన్ ఆన్ చేసి ఉన్న కెర్నల్‌లో, బూట్ లైనులో 'ప్రీఎంప్ట్=ఫుల్' అని చేర్చితే సరిపోతుంది.

కేవలం వేగం కోసమే ఈ శ్రమ అనుకుంటే వద్దంటాను. మామూలు పనుల్లో తేడా కంటికి ఆనదు. నేర్చుకోవడానికైతే తప్పక చేయండి. పాత కెర్నల్‌ను మాత్రం గ్రబ్ మెనూలోంచి తీసేయకండి.