లోతు కొలిచాకే డబ్బు తీయండి
ఫోటో స్టూడియో: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 120 సెంటీమీటర్ల ‘పారాబోలిక్’ సాఫ్ట్‌బాక్సులు కొన్ని వేలకే దొరుకుతున్నాయి. బ్రాంకలర్ పారా అయితే లక్షల్లో మాట. గుడ్డా ఊచలే కదా రెండూ, ఇంత తేడా దేనికండీ? మా స్టూడియోకి చవకది సరిపోదా?
- స్టూడియో యజమాని, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: సరిపోతుంది, దాని చేత దాని పనే చేయిస్తే. మేడ మీద టీవీ డిష్ చూడండి. ఆకాశం నుంచి సమాంతరంగా వచ్చే తరంగాలను ఒక్కచోటికి చేర్చి ముందు బిగించిన ఎల్‌ఎన్‌బీ మూతిలో పోస్తుంది. దీన్ని తిరగేస్తే పారాబోలిక్ లైటు. ఫోకస్ అనే ఆ ఒక్క చోట బల్బు పెట్టి, దాని ముఖం లోపలి వైపు తిప్పితే, వెండి గుడ్డ మీద పడ్డ వెలుగంతా సమాంతరంగా బయటికొస్తుంది. బల్బు ఎక్కడుంది, ఎటు చూస్తోంది అన్నవే ఇక్కడ కీలకం.

మీరు చెప్పిన చవక రకంలో బల్బు అడుగున రింగులో కూర్చుని ముందుకు చూస్తుంది. వెలుగులో ఎక్కువ భాగం పక్క గుడ్డను తాకకుండానే నేరుగా డిఫ్యూజర్‌లోంచి బయటపడుతుంది. ఆ ముందు గుడ్డ రెండు పొరలైతే ఇక లోపల పరావలయం (పారాబోలా) ఉన్నా గంప ఉన్నా బొమ్మలో తేడా కనబడదు. అది లోతైన ఆక్టా సాఫ్ట్‌బాక్స్, అంతే. చెడ్డ సరుకేమీ కాదు. లోతు వల్ల వెలుగు పక్కలకు చిందదు, పెళ్లికూతురి పోర్ట్రెయిట్‌కి బాగుంటుంది. ఆక్టాకి ఇచ్చే ధరే దానికీ ఇవ్వండి.

పారా ఖరీదంతా బల్బును లోపలికి తిప్పి ముందుకూ వెనక్కూ జరిపే ఫోకస్ రాడ్డులోనూ, ఆకారం చెడకుండా నిలబెట్టే ఊచల్లోనూ ఉంది. గోడాక్స్ వంటి కంపెనీలు ఈ పద్ధతిలోనే తక్కువ ధరకు చేస్తున్నాయి. కొనేముందు రాడ్డు ఉందా లేదా అడగండి. లేకపోతే మిగతా కబుర్లు వినక్కర్లేదు.

రాడ్డు ఉంటే టేపు తీయండి. నోటికి అడ్డంగా కర్ర పెట్టి నడిమధ్యన లోతు కొలవండి. 60 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు కేంద్రానికీ అంచుకీ సరిగ్గా సగంలో, ఊచ మీదికి కొలవండి. నిజమైన పరావలయమైతే అక్కడ ముప్పావు లోతు, అంటే 45 రావాలి. 30 దగ్గర ఆగితే అది గరాటు. 50 దాటితే గిన్నె. ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు. రెండు ఊచల మధ్య గుడ్డ ఎలాగూ చదునుగానే ఉంటుంది కాబట్టి ఎనిమిది ఊచలదానికంటే పదహారు ఊచలది మేలు.

ఫోకస్ ఎక్కడో కూడా లెక్క కట్టొచ్చు. వెడల్పును వెడల్పుతో హెచ్చవేసి, లోతుకు పదహారు రెట్లతో భాగించండి. 120 వెడల్పు, 60 లోతు ఉంటే అడుగు నుంచి 15 సెంటీమీటర్లు. రాడ్డు మీద బల్బు అక్కడిదాకా వెళ్తుందో లేదో చూడండి. కొన్ని చవక రాడ్లకు ఆ దగ్గరతనమే అందదు. ఇక అది ఫోకస్ లేని ఫోకస్ రాడ్డు.

ప్రశ్న: రాడ్డు ఉన్నదే కొన్నాను సార్. మీరు చెప్పిన కొలతలే, 120కి 60. వీడియోలకు కూడా పనికొస్తుందని 200 వాట్ల ఎల్‌ఈడీ లైటు లోపలికి తిప్పి పెట్టాను. మధ్యలో వెలుగుతోంది, అంచులు మసక. సరుకులో లోపమా?
- వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్, గుడివాడ

జవాబు: లోపం మీ పారాబోలిక్ గొడుగులో లేదు, దానికి పెట్టిన లైటు జతలో ఉంది. ఎల్‌ఈడీ చిప్ చదునుగా ఉంటుంది, ముందుకే వెలుగు చిమ్ముతుంది. మీ గొడుగు బాగా లోతు కాబట్టి ఫోకస్ లోపలెక్కడో ఉంది, అంచులు బల్బును దాటి ముందుకొచ్చేశాయి. చిప్ వీపు వెనకున్న అంచుకి వెలుగు ఎలా చేరుతుంది? ఫోకస్ దూరానికి నాలుగు రెట్ల వ్యాసం, అంటే 60 సెంటీమీటర్ల వలయం వరకే అందుతుంది. వైశాల్యం లెక్కన నాలుగో వంతు. మిగతా గుడ్డంతా ఊరికే మోస్తున్నారు.

రాడ్డును బయటికి లాగితే అంచులు కూడా వెలుగుతాయి. అప్పుడు కిరణాలు సమాంతరంగా పోకుండా ముందు కలుసుకుని, దాటాక విచ్చుకుంటాయి. తప్పేమీ లేదు, ఆ వెలుగూ కొందరికి ఇష్టమే. పూర్తి ఫలితం కావాలంటే ట్యూబు బయటికి కనబడే స్ట్రోబ్ కావాలి. అది పక్కలకూ చిమ్ముతుంది. గోడాక్స్ ఏడీ200కి ఉన్న బేర్ బల్బ్ తల ఇలాంటి పనికే. కెమెరా నెత్తిన పెట్టే చిన్న ఫ్లాష్ మాత్రం వద్దు.

ఏ లైటు పెట్టినా ఒక పరీక్ష చేయండి. మోడల్ నిలబడే చోటు నుంచి ఫోన్‌తో గొడుగు లోపలి భాగాన్నే ఫోటో తీయండి, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి. అన్ని పలకలూ ఇంచుమించు ఒకేలా వెలిగితే ఫోకస్ కుదిరినట్టు. నడిమధ్య చుక్కో, ఉంగరంలాంటి చారో కనబడితే రాడ్డు జరపండి.

ప్రశ్న: మా గది 12 అడుగులకు 10, ఎత్తు తొమ్మిదిన్నర. 150 సెంటీమీటర్లది తీసుకోవచ్చా?
- పటమట

జవాబు: వద్దు. నోరు ఐదడుగులు, లోతు రెండడుగుల పైన, వెనక లైటు, స్టాండు కాళ్లు. ఇక మీరెక్కడ నిలబడతారు? మనిషిని బ్యాక్‌గ్రౌండ్‌కి ఆనించాల్సి వస్తుంది, నీడ గోడ మీదే పడుతుంది. తెల్ల గోడలు, తక్కువ ఎత్తు పైకప్పు ఉన్న గదిలో చిందిన వెలుగంతా తిరిగొచ్చి ఎంత మంచి గొడుగు గుణాన్నయినా చప్పగా చేసేస్తుంది. 90 సెంటీమీటర్లది చాలు. ముందు ఒక పక్క గోడకు నల్ల గుడ్డ కట్టండి, ఖర్చు వందల్లోనే.

ప్రశ్న: కూచిపూడి నర్తకుల ఫొటోలు తీస్తుంటాను. తల నుంచి పాదాల దాకా వెలుగు సమంగా రావడం లేదు. ముఖం తెల్లబడితే గజ్జెలు చీకట్లో. విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లు మసకబారుతున్నాయి.
- మొవ్వ

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పారాబోలిక్ కొనమని నేను ధైర్యంగా చెప్పేది మీకే. మామూలు సాఫ్ట్‌బాక్స్‌ను ముఖానికి దగ్గరగా పెడితే పాదాలు దానికి రెట్టింపు దూరంలో ఉంటాయి. దూరం రెట్టింపైతే వెలుగు రెండు స్టాపులు పడిపోతుంది. దూరం జరిపితే సమంగా వస్తుంది, కానీ బలం పోతుంది. ఫోకస్ కుదిరిన పారాబోలిక్‌లో కిరణాలు అంత విచ్చుకోవు కాబట్టి మూడు నాలుగు మీటర్ల వెనక నుంచి కూడా బలంగా చేరుతుంది. షాపులోనే పరీక్షించండి: రెండు మీటర్ల దగ్గర ఒక రీడింగు, నాలుగు మీటర్ల దగ్గర ఇంకొకటి. తేడా రెండు స్టాపులే వస్తే మీకు అమ్ముతున్నది మామూలు గొడుగు. అంతకంటే స్పష్టంగా తక్కువ వస్తే తీసుకోండి.

కుచ్చిళ్ల సంగతీ దీంతోనే ముడిపడి ఉంది. వెలుగు వృథా కాకపోతే స్ట్రోబ్‌ను సగానికో పావుకో తగ్గించొచ్చు. ఐజీబీటీ రకం స్ట్రోబుల్లో పవర్ తగ్గించేకొద్దీ మెరుపు వ్యవధి తగ్గి కదలిక ఆగుతుంది. పాత రకం మోనోలైట్లు చాలావాటిలో అలా తగ్గదు, కొన్నింటిలో పెరుగుతుంది కూడా. గొడుగు కొని ఫలితం రాలేదని తిట్టుకునే ముందు మీది ఏ రకమో చూసుకోండి. డిఫ్యూజర్ మాత్రం తగిలించొద్దు, దాంతో ఈ లాభమంతా పోతుంది.

ప్రశ్న: చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. పారాబోలిక్‌తో నగ తళతళలాడుతుందంటున్నారు.
- మచిలీపట్నం

జవాబు: తళతళలాడుతుంది, ప్రతి గుండులోనూ గొడుగు ఊచలు లెక్కపెట్టుకునేంతగా! నున్నటి లోహం ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. నగకు తెల్లటి పెద్ద పరదా కావాలి. ట్రేసింగ్ పేపరు చట్రానికి బిగించి, వెనక నుంచి లైటు వేయండి. రాళ్ల మెరుపు కోసం పక్క నుంచి చిన్న లైటు ఒకటి, డిఫ్యూజర్ లేకుండా. గొడుగు డబ్బు మిగిలినట్టే.

పెడన నుంచి కలంకారీ బట్టల కేటలాగు గురించి రాసినవారికీ దాదాపు ఇదే జవాబు, గొడుగు అక్కర్లేదు. పరిచిన బట్టకు రెండు పక్కల నుంచి 45 డిగ్రీల్లో రెండు సమానమైన లైట్లు, వైట్ బ్యాలన్స్‌కి గ్రే కార్డు. అద్దకం ఎరుపు, నీలం ఫోటోలో సరిగ్గా రావడం మీకు ముఖ్యం. చవక వెండి గుడ్డలు కొన్ని వెలుగును కాస్త నీలంగా తిప్పుతాయి.

ప్రశ్న: ‘మాయాబజార్’లో సావిత్రి ముఖంలా మెరిసే పోర్ట్రెయిట్లు తీయాలని కోరిక. పారాబోలిక్‌తో వస్తాయా?
- తెనాలి

జవాబు: మీ జిల్లా ఆడబిడ్డ మీద అభిమానం అర్థమైంది. 1957లో ఆ సినిమాకి కెమెరా పట్టింది మార్కస్ బార్ట్‌లే. ఆ కాలం స్టూడియోల్లో పనిముట్టు ఫ్రెనెల్ కటకం బిగించిన స్పాట్‌లైట్. చిన్న, గట్టి వెలుగు, దాన్ని ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి. పారాబోలిక్‌తో దరిదాపుల్లోకి వస్తారు గానీ మీకు నేరుగా కావలసింది ఫ్రెనెల్. ఎల్‌ఈడీ లైట్లకు బోవెన్స్ మౌంట్ ఫ్రెనెల్ తొడుగులు చవగ్గానే దొరుకుతాయి. అన్నట్టు బోవెన్స్ కంపెనీ 2017లో మూతబడింది. దాని మౌంట్ మాత్రం చాలా కంపెనీలు వాడుతున్నాయి, మీరు ఏది కొన్నా అదే మౌంట్‌లో కొనండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సామానంతా మునిగింది. ఇప్పుడు మళ్లీ మొదలుపెడుతున్నాను. ఏది ముందు, ఏది తర్వాత? మునిగిన స్ట్రోబులు ఆరబెట్టి వాడొచ్చా?
- సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: స్ట్రోబుల మాట ముందు. ప్లగ్ పెట్టొద్దు, విప్పొద్దు. లోపలి కెపాసిటర్‌లో వందల వోల్టులు నిలవ ఉండొచ్చు. తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి, లేదా వదిలేయండి.

కొత్తగా కొనేటప్పుడు సగం డబ్బు ఒక్క మంచి స్ట్రోబ్‌కి పెట్టండి. తర్వాత బరువైన స్టాండు, ఇసుక సంచి. ఆ తర్వాత లోతైన వెండి గొడుగు, పదహారు ఊచలది. ఇది పారాబోలిక్ అవునా కాదా అని దుకాణదారుతో వాదించొద్దు. గొడుగు కాబట్టి లైటు ఎలాగూ లోపలికే చూస్తుంది, కడ్డీ మీద ముందుకూ వెనక్కూ జరపొచ్చు. ఖరీదైనదానితో చేసే పనిలో చాలాభాగం దీంతోనే నేర్చుకుంటారు. ఫోకస్ రాడ్డు ఉన్న పారాబోలిక్ పెళ్లిళ్ల సీజను డబ్బు చేతికొచ్చాక చూసుకోవచ్చు. ఈసారి సామానంతా అటకమీద పెట్టండి.

ప్రశ్న: కృష్ణ ఒడ్డున ప్రీ-వెడ్డింగ్ షూట్లకు పెద్ద పారాబోలిక్ తీసుకెళ్లొచ్చా?
- అవనిగడ్డ

జవాబు: సాయంత్రం గాలికి అది తెరచాప. ఇద్దరు కుర్రాళ్లు రెండు వైపులా పట్టుకుని నిలబడేట్టయితే తీసుకెళ్లండి, లేకపోతే 60 సెంటీమీటర్ల బ్యూటీ డిష్‌తో సరిపెట్టుకోండి. తిరిగొచ్చాక ఊచలు పొడిగుడ్డతో తుడవండి. సముద్రం దగ్గర ఊరు మీది, ఇనప ఊచ తుప్పు పట్టిందంటే మొదట చిరిగేది వెండి గుడ్డే.