సీలేరు – ప్రత్యామ్నాయాలు

తూర్పు కనుమలలో మాచ్‌ఖండ్ పేరుతో ప్రవహించే నది, దిగువన సీలేరై శబరిలో కలుస్తుంది. ఈ నదిపై ఎగువ సీలేరులో 240, దిగువ సీలేరులో 460 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రాలున్నాయి. వీటికి తోడు 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకం ప్రతిపాదితమైంది. విద్యుత్తు మిగిలిన వేళ డొంకరాయి జలాశయపు నీటిని ఎగువనున్న గుంటవాడ జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు దించి విద్యుత్తును పొందడమే దీని విధానం.

కొత్త ఆనకట్ట కడితే అడవి, పల్లెలు మునుగుతాయి. ఉన్న జలాశయాలనే వాడుకొంటే ఆ ముంపు చాలావరకు తప్పుతుంది. అయినా సొరంగాలకు, రహదారులకు అటవీభూమి కావలసిందే. పైగా నీటిని ఎక్కించడానికయ్యే విద్యుత్తు, తిరిగి లభించేదానికంటె ఎక్కువ. అది బొగ్గునుండి కాక సూర్యరశ్మి నుండి వచ్చినప్పుడే పర్యావరణానికి మేలు.

షెడ్యూల్డు ప్రాంతాలలో భూసేకరణకు ముందు గ్రామసభనుగాని, పంచాయతీనిగాని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతున్నది. కనుక ఎన్ని మెగావాట్లని లెక్కించే ముందు, ఎవరి భూమి అని అడగడం న్యాయం.