చిన్నాకు, భద్రాచలం నుంచి

చిన్నా,

నీ మొదటి ఆల్బం రికార్డింగు అయిపోవచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ మాట మామయ్యకు నువ్వే చెప్పొద్దురా? తిండీ నిద్రా మాని తిరుగుతున్నావని విన్నాక కోపం పోయిందిలే. వేళకు తిను. ఖాళీ కడుపుతో ఊపిరి నిలవదు.

మీ అమ్మ పంపిన రెండు పాటలూ గోదావరి కరకట్ట మీద కూర్చుని విన్నా. శాక్సఫోన్ మీద నీ వేళ్లు భలే ఆడుతున్నాయి. కానీ మొదటి దాంట్లో ఆ అమెరికా జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ వినిపించాడు. రెండోది మన రామదాసు కీర్తనే, అందులో కద్రి గోపాల్‌నాథ్ గారు వినిపించారు. నువ్వెక్కడరా? బాధపడకు, నీ వయసులో అందరూ అంతే. గోపాల్‌నాథ్ గారు నాదస్వర విద్వాంసుడి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ చూసి మనసు పడ్డారు. దాని మీద గమకం పలికించడానికి ఏళ్లు పట్టింది. అమెరికాలో జాజ్ చదువుకునే రోజుల్లో శాక్సఫోన్ వాయించే రుద్రేశ్ మహంతప్పకు వాళ్లన్న ఈయన రికార్డు తెచ్చిచ్చాడు. ఇద్దరూ కలిసి వాయించిన 'కిన్స్‌మెన్' ఆల్బం వచ్చింది మాత్రం 2008లో. నీకేం తొందర?

నా సంగతి చెబుతా విను. బ్యాండు మేళంలో క్లారినెట్ పట్టిన రోజుల్లో, సినిమా పాట ఉన్నదున్నట్టు దించితే అదే గొప్పనుకున్నా. మణుగూరు వైపు ఓ పెళ్లికి వెళ్లినప్పుడు కోయ పెద్దాయనొకరు కంచుతాళంతో కథ పాడుతున్నాడు. చరణం చివర ఊపిరి బిగబట్టి, తాళం మోత పూర్తిగా అణిగాకే తర్వాతి మాట అందుకునేవాడు. 'ఇదేం పాట' అని మధ్యలోనే లేచొచ్చేశా. తప్పు చేశాను చిన్నా. ఆ ఆగడం నా క్లారినెట్‌లోకి ఏనాడూ రాలేదు.

2022లో కూనవరం కోయ గాయకుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఆ పెద్దాయన పాట మళ్లీ గుర్తొచ్చింది. సమ్మక్క–సారలమ్మల కథ, కోయ గోత్రాల కథలు ఆయన గొంతులో ఉండేవి. 2024లో ఆయనా పోయారు.

నువ్వు ఆ కోయ ఊళ్లకు వెళ్లు. ఏ వరస నచ్చినా పాడినవాళ్లను అడిగి తీసుకో. ఆల్బం అట్ట మీద వాళ్ల పేరు వేయి, వచ్చిన డబ్బులో వాటా ఇవ్వు. ఊరికే 'జానపదం' అని రాసి ఊరుకుంటే నేను ఒప్పుకోను.

శ్రీరామనవమి జనం తగ్గాక రా, నాలుగు రోజులుండు. ఈసారికి శాక్సఫోన్ తేవద్దు. ముందు విందువుగాని.

మీ మామయ్య